ప్లాన్ మార్చే ముందు ఆ వైఫై పెట్టెని ఓసారి చూస్కోండి

పోయిన సంక్రాంతికి బాబాయి వాళ్ళింటికెళ్తే, ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు, మొదలెట్టాడు. "ఒరేయ్, వంద ఎంబీపీఎస్ అని అంటగట్టారు, పడగ్గదిలో వాట్సాప్ ఫొటో కూడా రావట్లేదు, రెండొందల ప్లాన్‌కి మారిపోనా?" రౌటర్, అదే ఆ వైఫై పెట్టె, ఎక్కడుంది బాబాయ్ అంటే చూపించాడు: హాల్లో టీవీ వెనకాల, పక్కన ఇనప బీరువా, దాని మీద పాత క్యాలెండర్ల దొంతర. పాస్‌వర్డ్ ఏంటంటే ఆయన ఫోన్ నంబరే. రెండూ సరిచేసేసరికి గంట పట్టింది, ప్లాన్ మాత్రం మార్చలేదు. ఆ గంటలో ఏం చేశానో చెప్తా, మీరూ చేస్కోండి.

ముందు స్పీడ్ ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ గుచ్చి స్పీడ్ టెస్ట్ చెయ్యండి, తర్వాత రౌటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో వైఫై మీద చెయ్యండి, ఆ తర్వాత పడగ్గదిలో చెయ్యండి. కేబుల్ మీదే తక్కువొస్తే తప్పు లైన్‌ది, కంప్లైంట్ పెట్టుకోండి. కేబుల్ మీద బానే వచ్చి పడగ్గదిలో పడిపోతే ప్లాన్ ఎంత పెంచినా దండగే, అది గోడలు మింగేస్తున్న స్పీడు. ఇంకోటి, రెండొందల ప్లాన్ తీస్కున్నా కేబుల్ మీద 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే మీ రౌటర్ పోర్టు కెపాసిటీయే 100 అయ్యుండొచ్చు, చవక పెట్టెల్లో ఇది మామూలే.

పెట్టె పెట్టే చోటు సంగతి. ఇంటికి వీలైనంత మధ్యలో, భుజం ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండాలి. ఇటుక గోడ ఒకటి పర్లేదు, కాంక్రీట్ పిల్లర్లు, ఇనుము, పెద్ద అద్దం, నీళ్ళ డ్రమ్ము, చేపల తొట్టి లాంటివి సిగ్నల్‌ని బాగా తినేస్తాయి. బాబాయి ఇంట్లో అయితే పడగ్గదికి, రౌటర్‌కి మధ్యలో సరిగ్గా ఆ బీరువానే. ఫైబర్ వైరు అందక జరపలేకపోతే మీరే లాగకండి, ఎక్కువ వంచితే లోపల గాజు పోగు విరుగుద్ది, లైన్‌మ్యాన్‌ని పిలిచి మార్పించుకోండి, లేదా రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగి అటువైపు ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే ఇంకో పెట్టె) పెట్టుకోండి. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా ఢోకా లేకుండా పనిచేస్తుంది. ప్లగ్గులో గుచ్చే చిన్న రిపీటర్లు నాకంత నచ్చవు, వచ్చిన సగం సిగ్నల్‌నే పట్టుకుని మళ్ళీ పంచుతాయి.

ఇప్పుడు ఫోన్‌లో వైఫై లిస్టు చూడండి. చాలావరకు మీ వైఫై పేరే రెండుసార్లు కనపడి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది సిమ్‌లో వచ్చే 5జీ కాదండీ, 5 గిగాహెర్ట్జ్ అన్నమాట, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ స్పీడు తక్కువ, పైగా బ్లూటూత్, పక్కింటోళ్ళ వైఫైలు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తొక్కిసలాడుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ స్పీడుగా ఉంటుంది, రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది. రౌటర్ ఉన్న గదిలో టీవీ, ల్యాప్‌టాప్ 5 మీద పెట్టండి, దూరంగా ఉన్నవి, సీసీ కెమెరా, స్మార్ట్ బల్బులు 2.4 మీద పెట్టండి (చాలా బల్బులకి అదొక్కటే వచ్చు, అందుకే ఎంత గింజుకున్నా 5 మీద కనెక్ట్ కావు).

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఛానెల్ (రోడ్డు మీద లేన్ లాంటిది) కూడా చూస్కోవాలి. బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొడితే రౌటర్ లాగిన్ పేజీ వస్తుంది, అడ్రసు, యూజర్‌నేమ్ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో 2.4కి 1, 6, 11 ఈ మూడిట్లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి అవే. 3 ఖాళీగా ఉంది కదా అని అందులో దూరితే అటు 1 వాళ్ళతోనూ, ఇటు 6 వాళ్ళతోనూ గొడవే. ఏది ఖాళీయో ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ చూపిస్తుంది. ఛానెల్ వెడల్పు 2.4లో 20 మెగాహెర్ట్జ్ చాలు, 5లో 80 పెట్టుకోండి.

కొత్త రౌటర్ కొనాలనుకునేవాళ్ళకి ఒక ముక్క. 1997లో వైఫైకి మొదటి స్టాండర్డ్, 802.11 అనేది వచ్చినప్పుడు స్పీడు 2 ఎంబీపీఎస్. తర్వాత బీ, జీ, ఎన్, ఏసీ అని జనానికి అర్థంకాని తోకలు తగిలించుకుంటూ పోయి, చివరికి 2018లో వైఫై అలయన్స్ వాళ్ళు ఎన్‌కి వైఫై 4, ఏసీకి 5, ఏఎక్స్‌కి 6 అని మనుషులు పలికే పేర్లు పెట్టారు. మామూలు ఇంటికి వైఫై 6 చాలు. వైఫై 7 కొన్నా మీ ఫోన్‌కి వైఫై 5 వరకే వస్తే ఇద్దరూ వైఫై 5లోనే మాట్లాడుకుంటారు.

ఇక సెక్యూరిటీ. అదే పేజీలో డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అని కనపడతాయి, ఇవి వైఫైకి వేసే తాళాల్లో రకాలు. డబ్ల్యూఈపీ లోపం 2001లోనే బయటపడింది, దాని జోలికే వెళ్ళొద్దు. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో, అదొక్కటే పెడితే పాత టీవీలు, కెమెరాలు కనెక్ట్ కావు, అందుకని 2, 3 కలిపి ఉన్న ఆప్షన్ పెట్టండి, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. దాని పక్కనే ఉండే టీకేఐపీ అన్న పాత రకం మాత్రం వద్దు, భద్రత సంగతి అటుంచి, అది పెడితే ఎంత కొత్త రౌటరైనా పాత 54 ఎంబీపీఎస్ రోజుల్లోకి జారిపోతుంది. స్పీడు కోసమైనా తీసెయ్యండి.

పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబర్ ఎందుకు వద్దంటే, డబ్ల్యూపీఏ2లో మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు రౌటర్‌తో జరిగే హ్యాండ్‌షేక్‌ని (పాస్‌వర్డ్ సరిచూసుకునే మాటామంతీని) వీధిలో కూర్చున్నవాడు కూడా గాల్లోంచి పట్టుకోవచ్చు, పట్టుకుని ఇంటికెళ్ళి తీరిగ్గా ఒక్కో నంబరూ వేసి చూస్కోవచ్చు, మీ రౌటర్‌కి తెలియను కూడా తెలియదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లే, మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి లక్షల్లో చూసేస్తుంది, అంటే కొన్ని గంటల పని. అదే సంబంధంలేని నాలుగైదు మాటలు, గోంగూర, స్కూటరు, మేనత్త, ఉరుము ఇలా కలిపి ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకే దండలా రాసి మధ్యలో ఓ అంకె పడేస్తే వాడికి చుక్కలు కనపడతాయి, మీకేమో నోటికి వచ్చేస్తుంది. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. సామెతలు, సినిమా డైలాగులు వద్దు, అవి వాడి లిస్టులోనూ ఉంటాయి.

డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కనెక్ట్ అయ్యే అడ్డదారి) ఆపేయండి. ఎనిమిదంకెల పిన్ అంటే కోట్లలో ఉంటుందనుకుంటాం, కానీ రౌటర్ మొదటి నాలుగంకెలు విడిగా ఒప్పేసుకుంటుంది, చివరి అంకె లెక్కకట్టి వచ్చేది, కాబట్టి మిగిలేవి 10,000కి 1,000 కలిపి 11,000 ప్రయత్నాలే. ఇది 2011లో బయటపడింది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి సెట్టింగ్స్ మార్చే దారి) ఆఫ్ చెయ్యండి, ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే కొట్టండి. వైఫై పేరు దాచిపెట్టడం మాత్రం ఉత్త భ్రమ, మీ ఫోనే ఆ పేరు పెట్టి పిలుస్తూ తిరుగుద్ది.

పాస్‌వర్డ్ మార్చగానే ఇంట్లో అన్నీ ఒకేసారి కట్ అవుతాయి, కాబట్టి పిన్ని సీరియల్ టైంలో మాత్రం చెయ్యకండి, నేను చేసి తిట్లు తిన్నాను. బాబాయికి కొత్తది బీరువా తలుపు లోపల రాసిచ్చి పడుకున్నా. తెల్లారి లేచేసరికి పక్కింటాయనకి పిట్టగోడ మీంచి ఒక్కో అక్షరం గట్టిగా చదివి చెప్తున్నాడు. ఏం చేస్తాం, మళ్ళీ లాగిన్ అయ్యి ఇంకో పాస్‌వర్డ్ పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేశా, అందులోకి వచ్చినోళ్ళకి ఇంటర్నెట్ తప్ప ఇంట్లో కెమెరా, ప్రింటరు ఏవీ కనపడవు, దాని క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి గుమ్మం పక్కన అంటించి వచ్చాను.