విండోస్ 11 వేసే ముందు: కాంటా కేబుల్, థంబ్ మెషీన్, తెలుగు ఫాంట్లు చూసుకోండి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకున్న సిస్టంలకు 2026 అక్టోబర్ 13 వరకు గడువుంది. ఆ తేదీ మనకు ఎప్పుడు పడుతోందో చూడండి. వానాకాలం వడ్లు కోతకొచ్చి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరే రోజులవి. ఆఖరి వారం దాకా ఆగి అప్పుడు సిస్టం మీద చెయ్యి వేస్తే, చిన్న తేడా వచ్చినా పని మొత్తం ఆగిపోతుంది. అందుకే ముందుగా చెబుతున్నాను.

విండోస్ 11 ఎక్కుతుందా, మధ్యలో ఆగిపోతుందా అని చాలామందికి టెన్షన్. అర్హత ఉన్న సిస్టంలో అది సాధారణంగా సాఫీగానే ఎక్కుతుంది. తంటా అంతా సిస్టంకి తగిలించిన వాటితోనే. కాంటా కేబుల్, వేలిముద్ర మెషీన్, పాత ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, తెలుగు ఫాంట్లు. మన ఊళ్లలో కంప్యూటర్ మీద బతికేవాళ్ల పని నడిచేది వీటితోనే కాబట్టి, ముందు వీటి సంగతి తేల్చుకోండి. విండోస్ సంగతి ఆ తర్వాత.

మొదట రోజు చూసుకోవాలి. రైస్ మిల్లయితే యాసంగి కొనుగోళ్లు సర్దుకున్నాక, వానాకాలం వడ్లు మొదలుకాక ముందు, అంటే జూలై నుంచి సెప్టెంబర్ లోపు పెట్టుకోండి. మీసేవ నడిపేవాళ్లు అడ్మిషన్ల సీజన్ జోలికి పోవద్దు. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు పొద్దున్నే వచ్చి నిలబడే రోజుల్లో సిస్టం ఆగితే ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపులకు ఆషాఢం కన్నా మంచి టైం దొరకదు, ముహూర్తాలు ఉండవు కదా. అకౌంట్లు చూసేవాళ్లు జీఎస్టీ రిటర్నుల 11, 20 తేదీలు దాటాక చేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే నల్లగొండలో అయినా పాలమూరులో అయినా పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా అప్‌గ్రేడ్ మొదలుపెట్టొద్దు. ఉన్న యూపీఎస్ బ్యాటరీ నిజంగా ఆపుతుందో లేదో ముందు రోజే గోడ ప్లగ్ తీసి చూడండి. షాపుల్లో పెట్టిన యూపీఎస్‌లు చాలా వాటిలో లైటు వెలుగుతుంది, బ్యాటరీ మాత్రం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

డౌన్‌లోడ్ ఐదారు జీబీ దాకా పడుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ వచ్చే ఫోన్ హాట్‌స్పాట్‌తో కుదరదు. ఫైబర్ లైన్ ఉన్నచోట మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు, టెలిగ్రామ్‌లో దొరికిన ఫైల్ అసలే వద్దు.

ఇక అర్హత. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఉచితం, అది చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 (తాళం కీలు భద్రపరిచే సెక్యూరిటీ చిప్పు), సెక్యూర్ బూట్ (సిస్టం లేచేటప్పుడు నమ్మకమైన విండోస్‌నే నడవనిచ్చే రక్షణ) కావాలి. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం నుంచి ప్రాసెసర్ ఉండాలి. ఐ5-8250 అని ఉంటే 8వ తరం, సరిపోతుంది. ఐ5-7200 అయితే కాదు. 4 జీబీతో ఎక్కుతుంది కానీ పని చేయబుద్ధి కాదు. నా మాట వింటే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించాకే విండోస్ 11 గురించి ఆలోచించండి.

టీపీఎం లేదని చూపించినంత మాత్రాన సిస్టం పనికిరాదని కాదు. అసెంబుల్డ్ సిస్టంలలో అది బయోస్‌లో, అంటే సిస్టం లేచేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డులో పీటీటీ, ఎఎండీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అనే పేర్లతో ఉంటుంది. దాన్ని ఆన్ చేయడం తేలికే. సెక్యూర్ బూట్ దగ్గరే జాగ్రత్త కావాలి. పాత పద్ధతిలో, అంటే లెగసీ బూట్‌లో, ఎంబీఆర్ అనే పాత తీరు డిస్క్ మీద వేసిన విండోస్ అయితే, డిస్క్‌ని జీపీటీ అనే కొత్త తీరుకి మార్చకుండా బయోస్‌లో యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి పెడితే సిస్టం లేవదు. డేటా ఎక్కడికీ పోదు, పాత సెట్టింగ్ పెడితే మళ్లీ లేస్తుంది. ఈ సంగతి తెలియక కంగారుపడి ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లున్నారు.

బయోస్ ముట్టుకునే ముందు ఇంకొకటి చూడాలి. ఈ మొత్తం వ్యవహారంలో డేటా పూర్తిగా పోయే ప్రమాదం ఎక్కువగా ఇక్కడే ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం తాళం వేసి ఉంటుంది, బిట్‌లాకర్ అనో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనో కనిపిస్తుంది. మామూలు రోజుల్లో ఆ తాళం ఉన్నట్టే తెలియదు. బయోస్ అప్‌డేట్ చేసినా, టీపీఎం మార్చినా ఒక్కసారిగా నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే షాపువాళ్లు కాదు కదా, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తెరవలేరు. కీ సాధారణంగా ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. మన దగ్గర చిక్కేమిటంటే, ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపులో అబ్బాయి ఏదో ఒక మెయిల్ ఐడీ సృష్టించి లాగిన్ చేసి ఇస్తాడు. ఆ ఐడీ ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో తర్వాత కొన్నవాళ్లకూ తెలియదు, అతనికీ గుర్తుండదు. కీ మాత్రం అందులోనే ఉండిపోతుంది. కాబట్టి సిస్టం బాగా నడుస్తున్నప్పుడే సెట్టింగ్స్‌లో ఏ ఖాతా ఉందో చూసి, ఆ ఖాతాలో మీరు లాగిన్ కాగలుగుతున్నారో లేదో ఫోన్‌లో పరీక్షించండి. రికవరీ కీ పేజీ తెరిచి 48 అంకెలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే లాభం లేదు. బయోస్ మార్చేటప్పుడు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, అంటే తాత్కాలికంగా ఆపి, మార్చాలి.

బ్యాకప్ అంటే చాలామంది డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తారు. చాలా సిస్టంలలో డీ డ్రైవ్ కూడా అదే డిస్క్‌లో ఒక భాగం, డిస్క్ పోతే రెండూ పోతాయి. బయటి హార్డ్ డిస్క్‌లోకే తీసుకోవాలి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని మర్చిపోవద్దు. ట్యాలీ డేటా ఎక్కడుందో కంపెనీ ఎంచుకునే తెర మీదే పాత్ కనిపిస్తుంది. చాలా సిస్టంలలో అదీ సీ డ్రైవ్‌లోనే. ఫార్మాట్ చేయించేటట్టయితే ముందు ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయండి, తర్వాత మళ్లీ యాక్టివేట్ చేసుకోవడం తేలికవుతుంది.

కాంటా సంగతి వివరంగా చెప్పాలి. మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లులో చూశాను. లారీ కాంటా ఎక్కింది, టేబుల్ మీది ఇండికేటర్‌లో ఎర్ర అంకెలు కదిలి కదిలి నిలబడ్డాయి. కంప్యూటర్ తెర మీద బరువు గడిలో మాత్రం సున్నా. గుమస్తా కేబుల్ పీకి మళ్లీ పెట్టినా అదే సున్నా. డ్రైవర్ కిటికీ దగ్గరికి వచ్చి "అన్నా, చీటీ ఎప్పుడిస్తవ్" అని అడుగుతున్నాడు. వెనక ట్రాక్టర్లు ఆగిపోయాయి. అంతకుముందు రోజే విండోస్ 11 వేశారు.

ఇండికేటర్ నుంచి వచ్చేది పాత సీరియల్ కేబుల్. ఇప్పటి సిస్టంలకు ఆ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. తక్కువ ధరకు దొరికే కన్వర్టర్లలో ప్రోలిఫిక్ పీఎల్2303 రకం చిప్పు చాలా మామూలు. ఆ చిప్పు పాత రకాలను, నకిలీలను కంపెనీ కొత్త డ్రైవర్ ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద పసుపు గుర్తు వస్తుంది, పీఎల్2303టీఏ విండోస్ 11లో పనిచేయదు, అమ్మినవాళ్లను అడగండి అన్న అర్థం వచ్చే మాట పేరు స్థానంలోనే కనిపిస్తుంది. హెచ్‌ఎక్స్‌ఏ రకమైతే 2012 నుంచే ఆపేశామని ఉంటుంది. పాత డ్రైవర్‌ని చేత్తో ఎంచుకుంటే కొన్నిటికి పని నడుస్తుంది, కానీ తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ పోవచ్చు. సీజన్ నడిపే కాంటాకి అంత అనుమానం పెట్టుకోవద్దు. ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్న మంచి కన్వర్టర్ కొని, ముందే పెట్టి చూసుకోండి.

కన్వర్టర్ సరిగ్గానే ఉన్నా, దానికి విండోస్ ఇచ్చే కామ్ పోర్ట్ నంబర్ మారిపోవచ్చు. తూకం సాఫ్ట్‌వేర్ కామ్ 3లో వెతుకుతుంటే కొత్త విండోస్ దానికి కామ్ 5 ఇస్తుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి పాత నంబర్ పెట్టాలి. అప్‌గ్రేడ్‌కి ముందే ఆ పేజీని, సాఫ్ట్‌వేర్‌లోని బాడ్ రేట్ (ఇండికేటర్‌ నుంచి అంకెలు వచ్చే వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే పద్ధతి) సెట్టింగ్‌లను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే ఐదు నిమిషాల పని.

వేలిముద్ర మెషీన్‌కి డ్రైవర్ ఒక్కటే చాలదు, ఆధార్ పనులకు ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను భద్రంగా పంపే ప్రోగ్రాం) కూడా ఉండాలి. రెండిటి విండోస్ 11 ఫైళ్లు కంపెనీ సైట్ నుంచి ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. డిజిటల్ సంతకం టోకెన్‌కీ, ప్రింటర్‌కీ అంతే. విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు. 32 బిట్ విండోస్ 10 వాడుతున్నవాళ్లకు నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా వేయాల్సిందే. పాత ప్రింటర్ సీడీలోని 32 బిట్ డ్రైవర్ కూడా పనికిరాదు. ఒక సిస్టంకి ప్రింటర్ పెట్టి పక్క సిస్టంల నుంచి షేరింగ్‌లో కొట్టేవాళ్లకు కొత్త వెర్షన్లలో ఇబ్బంది ఎక్కువ. పాస్‌వర్డ్ లేని షేరింగ్‌ని విండోస్ ఇప్పుడు ఒప్పుకోవడం తగ్గించింది. యూట్యూబ్‌లో చెప్పినట్టు రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్‌ల జాబితాలో, రక్షణలన్నీ తీసేయొద్దు. ప్రింటర్ ఉన్న సిస్టంలో పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ని పెట్టి, ఆ పేరుతో కలపండి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్ 11లో ఉండదు. దాంట్లోనే తెరుచుకునే పాత సైట్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. మీరు చేర్చిన సైటు 30 రోజులకు జాబితాలోంచి పోతుంది. మళ్లీ చేర్చుకోవాలి.

డీటీపీ వాళ్లకు నా సలహా ఒకటే, ఫార్మాట్ వద్దు. ఉన్న విండోస్ మీదనే అప్‌గ్రేడ్ చేస్తే తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు దిద్దే పేజ్‌మేకర్ లాంటివి సాధారణంగా అలాగే ఉంటాయి. ఫార్మాట్ చేస్తే పాత సీడీలు, లైసెన్స్‌లు వెతుక్కోవాలి. ఆర్డర్‌లో ఉన్న కార్డులన్నీ ముందే పీడీఎఫ్ తీసి పెట్టుకోండి, ఫాంట్ తేడా వచ్చినా ప్రింట్ ఆగదు. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన వర్డ్ ఫైళ్లు కొత్తగా వేసిన విండోస్‌లో తీరు మారిపోయి, వరసలు కిందికి జారతాయి. ఆ ఫాంట్లు పోలేదు, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే వస్తాయి. గూగుల్ పాత ఆఫ్‌లైన్ ఇన్‌పుట్ టూల్‌తో టైపు చేసేవాళ్లు గుర్తుంచుకోండి, దాన్ని గూగుల్ ఇవ్వడం మానేసింది. పోగొట్టుకుంటే అసలు చోట దొరకదు. విండోస్‌లోనే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, ముందే అలవాటు చేసుకుంటే మంచిది.

ఎక్కాక ఎక్కువమంది అడిగేది "డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ పోయాయి" అని. చాలాసార్లు అవి పోవు. వన్‌డ్రైవ్ బ్యాకప్‌కి తెలియక ఓకే నొక్కడంతో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారి ఉంటాయి. అక్కడ వెతకండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, అది నిండగానే హెచ్చరికలు మొదలవుతాయి. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్యాకప్‌కి వెళ్లి ఆపుకోవచ్చు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందన్నది సమస్యే కాదు, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఎడమకు మార్చుకోవచ్చు.

అసలు నచ్చకపోతే, లేదా కాంటా ఎంతకీ కలవకపోతే, సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ ఉంటుంది. ఫైళ్లు పోవు, అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రాంలు మాత్రం పోతాయి. గడువు 10 రోజులే. స్థలం కోసం పాత విండోస్ దాచి ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఆ 10 రోజుల్లోనే అన్ని పనులూ ఒకసారి చేసి చూడండి. ఒక తూకం చీటీ, ఒక వేలిముద్ర, ఒక సంతకం, ఒక తెలుగు ప్రింట్.

అర్హత లేని పాత సిస్టంలో అడ్డదారిన విండోస్ 11 వేసే పద్ధతులున్నాయి. ఇంట్లో పిల్లల సిస్టం అయితే మీ ఇష్టం. డబ్బు, ధాన్యం లెక్క నడిచే సిస్టంలో మాత్రం వద్దు, ఎందుకంటే అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. దానికి బదులు విండోస్ 10లోనే ఉండి, విండోస్ అప్‌డేట్ పేజీలో కనిపించే ఎన్‌రోల్ బటన్ నొక్కి అదనపు అప్‌డేట్లు తీసుకోండి. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 అయ్యుండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఇక కాంటాకి తప్ప దేనికీ వాడని సిస్టం ఉంటే, దానికి నెట్ తీసేసి, తెలియని పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకుండా విండోస్ 10తోనే ఈ సీజన్ నడపండి. ఈమెయిల్, బ్యాంకు, జీఎస్టీ పనులు వేరే సిస్టంలో చేసుకోండి.