పాత పీసీలో మెమరీ-మ్యాప్డ్ కార్డును కుదుర్చుకోవడం ఎలా?

అటక మీంచి దించిన 386కి (ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న పాత డాస్ పీసీ) ఐఎస్ఏ (ఆ కాలపు స్లాటు రకం) నెట్‌వర్క్ కార్డు పెట్టారు. పోర్టు (కార్డుకు ఆదేశాలు పంపే చిరునామా), ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను) సరిగానే ఉన్నాయి, అయినా డ్రైవర్ ఎక్కేటప్పుడు మెషీన్ బిగుసుకుపోతోంది. అలాంటప్పుడు చూడాల్సింది మెమరీ చిరునామా. ఉదాహరణకు వెస్టర్న్ డిజిటల్ డబ్ల్యూడీ8003ఈ తీసుకుందాం. దాని మీద 8 కేబీ ర్యామ్ ఉంటుంది. వచ్చిన ప్యాకెట్లు అందులో పడితే, ప్రాసెసర్ తన సొంత మెమరీలాగే చదువుకుంటుంది. ఎన్ఈ2000 అనే మరో నెట్‌వర్క్ కార్డు అన్నీ పోర్టు గుండానే పంపుతుంది కాబట్టి దానికి ఈ తంటా లేదు.

ముందు కరెంటు వైరు పీకి కార్డు శుభ్రం చేయండి. కోనసీమ తేమకు, కాకినాడ వైపు ఉప్పుగాలికి కార్డు అంచు కాంటాక్టులు మసకబారతాయి. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొట్టు దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఒక్క డేటా లైను అందకపోయినా చదివిన బైట్లలో ఒక బిట్టు తప్పుతుంది. అది చిరునామా గొడవలాగే కనిపించి రోజంతా తిప్పుతుంది.

ఇక మెమరీ పటం. తొలి ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ చూడగలిగింది 1 ఎంబీ. డాస్‌లో 386 కూడా అదే పటం వాడుతుంది. అందులో 640 కేబీ ప్రోగ్రాములది, మిగతా 384 కేబీ కార్డులది, బయోస్‌ది (మెషీన్‌ను లేపే, చిప్‌లో ఉండే ప్రోగ్రాము). ఏ0000 నుంచి వీజీఏ (తెరను నడిపే కార్డు) గ్రాఫిక్స్, బీ8000 నుంచి కలర్ టెక్స్ట్, సీ0000 నుంచి సాధారణంగా వీజీఏ బయోస్, ఎఫ్0000 నుంచి సిస్టమ్ బయోస్. (ఇక్కడి ఏ, బీ, సీ హెక్సా, అంటే పదహార్ల లెక్కలోని అంకెలు, కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

కాన్ఫిగ్.సిస్‌లో (డాస్ బూట్ అయ్యేటప్పుడు చదివే ఫైలు) ఈఎంఎం386 (ఖాళీ చిరునామాల్లో మెమరీ పరిచే ప్రోగ్రాము) వరుసను ఆపి, బూట్ చేసి, డీబగ్ (మెమరీని నేరుగా చూసి మార్చే డాస్ సాధనం) తెరవండి. అందులో బీ8000ను చివరి సున్నా వదిలి బీ800:0 అని రాస్తారు. ‘ఈ బీ800:0 41 1ఈ’ అని కొట్టండి; మొదటి ఈ అంటే రాయమని. తెర ఎడమ పై మూలలో నీలం మీద పసుపు రంగు ‘ఏ’ పడుతుంది: 41 అక్షరం, 1ఈ రంగు. మెమరీ-మ్యాప్డ్ అంటే ఇంతే.

తర్వాత ‘డీ సీ000:0’; మొదటి డీ అంటే చూపించమని. మొదటి రెండు బైట్లు 55 ఏఏ అయితే అక్కడ ర్యామ్ కాదు, రోమ్ (చదవడానికే తప్ప రాయలేని మెమరీ) ఉంది. మూడో బైటు దాని పొడవు, 512 బైట్ల లెక్కన. 40 హెక్సా అంటే 64 ముక్కలు, అంటే 32 కేబీ. అలాగే సీ800, డీ000 కూడా చూడండి. అన్నీ ఎఫ్ఎఫ్ కనిపిస్తే చాలావరకు ఖాళీ. బయోస్ సెటప్‌లో ఆ జాగాకు షాడో ర్యామ్ (రోమ్ నకలును ర్యామ్‌లో పెట్టే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపేయండి.

కార్డు పోర్టు 280 అయితే, ర్యామ్‌ను డీ0000 దగ్గర మేల్కొలపడానికి ‘ఓ 280 68’ (ఓ అంటే పోర్టుకు పంపమని). తర్వాత ‘ఎఫ్ డీ000:0 1ఎఫ్ఎఫ్ఎఫ్ 5ఏ’ (మొదటి ఎఫ్ అంటే ఆ 8 కేబీని 5ఏతో నింపమని), ఆపైన ‘డీ డీ000:0’. అన్నీ 5ఏ వస్తే కార్డు పలుకుతోంది. అక్కడక్కడా తేడా వస్తే మళ్లీ రబ్బరు పట్టుకోండి, లేదా అదే చిరునామాలో ఇంకో కార్డు కూడా జవాబిస్తోందేమో చూడండి.

అసలు మెలిక ఈఎంఎం386 దగ్గర. డ్రైవర్ లేపేదాకా కార్డు ర్యామ్ వరదలో మునిగిన లంకలాంటిది: కంటికి కనబడదు, కానీ హక్కుదారు ఉన్నాడు. ఈఎంఎం386 దాన్ని బంజరనుకుని తన మెమరీ పరిచేస్తుంది. ఆ తర్వాత డ్రైవర్ రాసింది కార్డుకు చేరదు. అందుకే ఆ వరుసకు ‘ఎక్స్=డీ000-డీ1ఎఫ్ఎఫ్’ చేర్చి తిరిగి ఆన్ చేయండి. సరిగ్గా 8 కేబీయే వదులుతుంది. 16 కేబీ కార్డయితే డీ3ఎఫ్ఎఫ్ దాకా.

16 బిట్ల కార్డు పెడితే ఇంకో చిక్కు. అది ‘నేను 16 బిట్లు’ అని చెప్పేది 128 కేబీ ముక్క మొత్తానికి, అంటే సీ0000 నుంచి డీఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు. అదే ముక్కలో 8 బిట్ల వీజీఏ రోమ్ ఉంటే దాన్ని చదివినప్పుడు చెత్త వస్తుంది. బూట్ అవుతూనే తెర నల్లబడితే, నెట్‌వర్క్ కార్డును 8 బిట్ల మోడ్‌కు మార్చండి. వేగం కాస్త తగ్గుతుంది, అంతే.