ఆయిల్ కారే పాత కారు ఉన్నవారికి

ఆయిల్ కారుతున్న పాత కారులో అనంతపురం నుంచి కర్నూలుకు బయలుదేరేవారు పెట్రోలు ముల్లు చూసుకున్నంత శ్రద్ధగా ఇంజన్‌లో ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్‌ను కూడా చూసుకోవాలి. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజన్ ఆపాక పైన ఉన్న ఆయిల్ ఇంజన్ అడుగున ఉండే సంపు అనే తొట్టిలోకి దిగేందుకు పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్‌ను తీసి శుభ్రమైన నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసినప్పుడు కనిపించేదే అసలు మట్టం. తడి రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉండాలి. తగ్గితే పావు లీటరు చొప్పున పోస్తూ, ప్రతిసారీ కాసేపు ఆగి చూసుకోవాలి. ఎలాగూ కారిపోతుంది కదా అని పై గుర్తు దాటించడం సరికాదు, ఎందుకంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్‌ను మజ్జిగలా చిలికి నురుగు చేస్తుంది.

రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరిస్తే ఉదయానికి మరకలు కనిపిస్తాయి. అయితే ఇంజన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారిన ఆయిల్ కూడా ఇంజన్ పక్కనుంచి జారి కిందికే చేరుతుంది కనుక, అడుగున పాత ఆయిల్‌ను వదిలేందుకు ఉండే డ్రెయిన్ బోల్టును తప్పుపట్టే ముందు పైభాగాన్ని తడిమి చూడాలి. మరకలు లేకుండానే మట్టం తగ్గుతూ, పొగ నీలంగా వస్తుంటే ఆయిల్ లోపలే కాలిపోతున్నట్టు.

డ్యాష్‌బోర్డులోని ఎర్ర ఆయిల్ దీపం చాలా పాత కార్లలో మట్టాన్ని కాదు, ఒత్తిడి పడిపోవడాన్ని సూచిస్తుంది. అది వెలిగిన వెంటనే బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ లీటరు డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకోవడం మంచిది.