ఎక్కువగా తిరగని పాత మెర్సిడెస్ ఈ220ని, దాని ఇంజిన్‌ని ఎలా చూసుకోవాలి?

మెర్సిడెస్-బెంజ్ 1995లో పుణేలో కార్ల తయారీ మొదలుపెట్టింది డబ్ల్యూ124 (ఆ తరం మోడల్‌కు కంపెనీ కోడు) ఈ-క్లాస్‌తోనే. అందులో 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ (ఎం111) ఉన్న ఈ220లు అడపాదడపా 'నలభై వేలే తిరిగింది' అనే మాటతో అమ్మకానికి వస్తుంటాయి. తిరగని బండిలో ఇనుము అరగదు, నిజమే. కానీ రబ్బరు ఎండిపోవడానికి, బ్రేక్ ఆయిలు నీళ్లు పీల్చుకోవడానికి, వైరింగ్ పొడిపొడి కావడానికి కిలోమీటర్లు అక్కర్లేదు, ఏళ్లు చాలు. కాబట్టి ఇలాంటి బండికి సర్వీసు మీటరును బట్టి కాదు, క్యాలెండర్‌ను బట్టి చేయించాలి.

ఆ మీటరును కూడా ఊరికే నమ్మకండి. ఈ మోడల్‌లో ఓడోమీటర్ లోపలి గేర్లు జారిపోయి, స్పీడు ముల్లు కదులుతున్నా అంకెలు ఆగిపోవడం మామూలే. పెడళ్ల రబ్బర్లు, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ తోలు ఎంత అరిగాయో చూడండి. పాత సర్వీసు బిల్లుల్లోని అంకెలతో సరిపోల్చండి.

ఏడాదికి పైగా నిలబడిన బండి అయితే తాళం తిప్పే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

1. ముందు వైరింగ్ చూడండి. 1990ల తొలి సగంలో వచ్చిన మెర్సిడెస్‌లలో ఇంజిన్ వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) మీది తొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోతుంది. ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) కనెక్టర్ దగ్గర పై తొడుగును కాస్త వెనక్కి లాగి, లోపలి వైర్లను మెల్లగా వంచండి. పెచ్చులూడి రాగి కనిపిస్తే సెల్ఫ్ కొట్టొద్దు. షార్ట్ అయితే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (కంట్రోల్ యూనిట్) కాలిపోవచ్చు, దాని ఖర్చు ముందు హార్నెస్ ఖర్చు చిన్నదే. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని సర్దే థ్రాటిల్ యాక్చుయేటర్ వైర్లకూ ఇదే జబ్బు. టేపు చుట్టి సరిపెడతామనే మెకానిక్ మాట వినకండి, టేపు కింద మిగతా వైరు కూడా అలాగే ఉంటుంది. వాల్వుల టైమింగ్ సర్దే క్యామ్ అడ్జస్టర్ మాగ్నెట్ కనెక్టర్‌ను విప్పి చూడండి. లోపల ఆయిలు ఉంటే అది వైర్ల వెంట పాకుతూ పోతుంది, మాగ్నెట్‌ను మార్చాల్సిందే. ఎలుకలు కొరికిన గుర్తులు ఉన్నాయేమో ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి.

2. బ్యాటరీ. రాత్రంతా వదిలేసి ఉదయం మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తక్కువ ఉంటే ఛార్జి దాదాపు లేనట్టే. బ్యాటరీ వైరు తీసే ముందు రేడియో కోడు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఒరిజినల్ బెకర్ కంపెనీ రేడియో అయితే కోడు లేకుండా మళ్లీ పలకదు.

3. పాత పెట్రోలు తీసేయండి. వార్నిష్ వాసన వస్తుంటే అది పనికిరాదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగున పొరలా చేరతాయి, పంపు ముందుగా లాగేది ఆ పొరనే. పంపు, ఫిల్టర్ కారు అడుగున కుడి వెనక చక్రానికి ముందు ప్లాస్టిక్ మూత కింద ఉంటాయి. ఫిల్టర్ మార్చేటప్పుడు రాగి వాషర్లు కూడా కొత్తవి వేయించండి. పెట్రోలు పైపుల మీద పగుళ్లుంటే ఇథనాల్‌కు తట్టుకునే రకం పైపులు అడగండి. ఇథనాల్ కలపని పెట్రోలు మీ ఊళ్లో దొరికితే, నెలల తరబడి ఆపే ముందు అదే పోయించండి.

4. ఇంజిన్ ఆయిలు స్టార్ట్ చేశాక కాదు, చేయకముందే మార్చండి. పాత ఆయిల్లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, వాటిని బేరింగుల్లోకి తిప్పడం దేనికి? ఎంబీ 229.1 (మెర్సిడెస్ సొంత ప్రమాణం) ఆమోదం ఉన్న 10డబ్ల్యూ-40 లేదా 15డబ్ల్యూ-40 సరిపోతుంది. ఫిల్టర్‌తో కలిపి ఐదున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. ముందు 5 పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ పోయండి. ఇంజిన్ ఫ్లష్ ద్రవాల జోలికి పోవద్దు. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడొచ్చు. దాని బదులు 500 కిలోమీటర్లకే ఇంకోసారి ఆయిలు మార్చడం మేలు.

5. సిలిండర్లు తడపండి. ఇంజిన్ మీద దుమ్ము గాలితో ఊది, స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ఒక్కో సిలిండర్‌లో చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిలు వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు క్రాంక్ పుల్లీ మధ్య బోల్టుకు సాకెట్ పెట్టి, చేత్తో సవ్యదిశలో రెండు చుట్లు తిప్పండి. ఎదురు తిప్పొద్దు, టైమింగ్ చైన్ వదులయ్యే ప్రమాదముంది. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టకండి. సాఫీగా తిరిగితే ప్లగ్గులు బిగించి, పెట్రోల్ పంపు రిలే పీకేసి, 10 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. మధ్యలో అర నిమిషం ఆగండి. డ్యాష్‌బోర్డు మీది ఆయిలు ప్రెషర్ ముల్లు లేచాకే రిలే పెట్టి స్టార్ట్ చేయండి.

మొదట్లో నీలం పొగ వస్తే కంగారొద్దు, మీరు వేసిన ఆయిలే కాలుతోంది. కానీ వారాల తర్వాత కూడా ప్రతి ఉదయం తొలి స్టార్టుకు పొగ వస్తుంటే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. తక్కువ తిరిగిన బండ్లలో ఇది తరచూ కనిపించేదే. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ 0.3 బార్‌కు తగ్గకూడదు. యాక్సిలరేటర్ నొక్కగానే ముల్లు 3కి చేరాలి.

6. కూలెంటు. ఎంబీ 325.0 ఆమోదం ఉన్న కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సున్నంతో మూసుకుపోతుంది. హోసులు నొక్కితే మెత్తగా ఉబ్బినట్టున్నా, కరకరలాడినా మార్చాల్సినవే. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది రేడియేటర్ పై పైపు తగిలే ప్లాస్టిక్ మెడ గురించి. అది పాతబడితే హఠాత్తుగా విరుగుతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా పోతాయి, ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగుతుంది. అసలు రేడియేటర్ ఎంత శుభ్రంగా కనబడినా, మార్చిన దాఖలా లేకపోతే కొత్తది వేయించడమే నయం.

7. బ్రేకులు, టైర్లు. డాట్ 4 బ్రేక్ ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండ్లలో అది ఎడమ వెనక చక్రం, జర్మన్ బండి గైడు చూసి కుడి వెనకతో మొదలుపెట్టేవాళ్లున్నారు. ఫ్లెక్సిబుల్ హోసులు లోపల ఉబ్బితే బ్రేక్ పట్టాక వదలదు. టైరు మీది చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం: 2316 అంటే 2016లో 23వ వారం. గాడి లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు తీసేయాల్సిందే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే ఆయిలు, ఫిల్టర్, పాన్ గ్యాస్కెట్ కలిపి మార్పించండి. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌కు కూడా డ్రెయిన్ బోల్టు ఉంటుంది. అది విప్పకపోతే పాత ఆయిలు చాలావరకు లోపలే ఉండిపోతుంది.

8. ఆ తర్వాత నడపండి. గ్యారేజీలోనే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కూలెంటు త్వరగానే 80 డిగ్రీలకు చేరుతుంది, కానీ ఆయిలు అంత వేడి కావడానికి ఇంకా సమయం పడుతుంది. ఈలోపు ఆపేస్తే పుట్టిన తేమ ఆయిల్లో, సైలెన్సర్‌లో మిగిలిపోతుంది. రెండు వారాలకోసారి 30, 40 కిలోమీటర్లు రింగు రోడ్డు మీదో హైవే మీదో నడపండి. ఏసీ చలికాలంలోనూ పది నిమిషాలు వేయాలి, లేదంటే కంప్రెసర్ సీలు ఎండి గ్యాస్ కారిపోతుంది.

తిరిగినా తిరగకపోయినా ఇంజిన్ ఆయిలు ఏడాదికోసారి, కూలెంటు మూడేళ్లకోసారి మార్చండి. నెలల తరబడి ఆపాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేయకుండా చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టండి, లేదంటే బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు వద్దు, దాని కింద తేమ చేరి తుప్పు మొదలవుతుంది.