ప్రోనోటు బాకీకి దావా వేసే ముందు చూసుకోవాల్సినవి

మే నెల సెలవులకు సివిల్ కోర్టులు మూసేలోపు బీరువాలోని ప్రోనోట్లు ఒకసారి తీసి చూడండి.

ముందు తేదీ. అడిగినప్పుడు చెల్లించే నోటుకు, రాసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. లాయరు నోటీసు ఇచ్చినా, పెద్దమనుషుల్లో పెట్టినా ఈ గడువు ఆగదు. దావా కోర్టులో పడాల్సిందే. "పంట చేతికి రాగానే ఇస్తాను" అన్న మాట నమ్మి అసలుకే నీళ్లొదులుకున్న వాళ్లు ఊరూరా ఉన్నారు. ఆఖరి రోజు సెలవుల్లో పడితే మాత్రం కోర్టు తెరిచిన రోజున వేయవచ్చు.

నోటు వెనుక చెల్లు, అంటే బాకీలో కొంత కట్టినట్టు రాసే రాత. గడువు తీరకముందే తేదీ, మొత్తం రాయించి, బాకీదారు సంతకం తీసుకుంటే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. మీరే రాసుకున్న చెల్లు పనికిరాదు. ఫోన్‌పేలో వడ్డీ వేశాడు కదా అని ధీమాగా ఉండొద్దు, సంతకంతో రాత ఉండాలి.

రెవెన్యూ స్టాంపు. అది లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, జరిమానా కట్టినా సరిచేయడం కుదరదు.

దిద్దుబాట్లు. బాకీదారు ఒప్పుకోలు లేకుండా తేదీ గాని, అంకె గాని దిద్దితే నోటే చెల్లకుండా పోతుంది.

అసలు నోటు. పూర్తి బాకీ చేతికి వచ్చేదాకా బాకీదారుకు ఇవ్వొద్దు. లాయరుకు ఇచ్చే ముందు రెండు వైపులా జిరాక్సు తీసుకోండి, చెల్లు ఉండేది వెనుకే.

బాకీదారు చనిపోతే వారసుల మీద వేయవచ్చు, కానీ వాళ్లకు సంక్రమించిన ఆస్తి మేరకే వసూలవుతుంది.