మండలిలో పాసైంది, పైసా కదల్లేదు: ఎక్కడ ఆగిందో ఇలా చూసుకోండి

విశ్వవిద్యాలయంలో శాఖాధిపతి కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్ల గోడు మార్చి వచ్చేసరికి ఒకటే. పాలక మండలి ఒప్పుకుంది, ఫైనాన్స్ సెక్షన్ ఆపేసింది అని. సెక్షన్ మీద విరుచుకుపడే ముందు కింద చెప్పినవి ఒకసారి చూసుకోండి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలా 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే చోట్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

సమస్య: తీర్మానం ఉంది, డబ్బు లేదు

కారణం: తీర్మానం, కేటాయింపు, విడుదల మూడూ వేర్వేరు. మండలి ఒప్పుకుందంటే ఆ పని చేయొచ్చని మాత్రమే. బడ్జెట్‌లో దానికో పద్దు ఉండాలి, ఆ పద్దులోకి డబ్బు రావాలి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. వచ్చిందాంట్లో జీతాలు, పెన్షన్లు పోగా మిగిలేది ఎంతో అందరికీ తెలిసిందే.

పరిష్కారం: మినిట్స్ కాపీ తెచ్చుకుని ఆ తీర్మానం చివరి వాక్యం చదవండి. 'నిధుల లభ్యతకు లోబడి' అని ఉంటే మీ చేతిలో ఉన్నది అనుమతే, డబ్బు కాదు. పద్దు పేరు రాసి ఉంటే బిల్లు పెట్టండి. లేకపోతే రీ-అప్రాప్రియేషన్, అంటే ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మార్చడం, కోరుతూ నోట్ పెట్టండి. ఏ పద్దులో మిగులు ఉందో అందులో మీరే చూపించాలి. ఊరికే 'నిధులు మంజూరు చేయగలరు' అని రాసిన ఫైలు బల్లలు మారుతుందే తప్ప తేలదు.

సమస్య: బ్యాంకులో కోట్లున్నాయంటారు, ల్యాబ్‌లో బీకర్లు కొనడానికి లేవంటారు

కారణం: ఆ కోట్లలో చాలా భాగానికి ముందే పేరు రాసి ఉంటుంది. పరిశోధన ప్రాజెక్టులు, హాస్టల్ డిపాజిట్లు, స్కాలర్‌షిప్పులు, ఉన్నత విద్యకు కేంద్రం ఇచ్చే పథకాల డబ్బు (ఒకప్పటి రూసా, 2023 నుంచి పీఎం-ఉషా). ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడితే ఆడిట్ అభ్యంతరం ఖాయం.

పరిష్కారం: మొత్తం నిల్వ అడక్కండి, నిధివారీ నిల్వ అడగండి. మీ శాఖ ప్రాజెక్టుల వినియోగ పత్రాలు, అంటే యూసీలు, వెళ్లాయో లేదో కూడా చూడండి. కేంద్ర నిధులకైతే కేంద్ర ఆర్థిక నియమావళి (జీఎఫ్ఆర్) 12-ఏ నమూనాలో యూసీ పంపకుండా తర్వాతి విడత కోసం ఎదురుచూస్తే లాభం లేదు.

సమస్య: ఏటా అంచనాకూ ఖర్చుకూ పొంతన ఉండదు

అన్నిటికంటే ముదిరిన జబ్బు ఇదే, నా లెక్కలో. బడ్జెట్ పుస్తకం తెరిస్తే ప్రతి పద్దు ఎదురుగా నాలుగు అంకెలుంటాయి: గత ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మొదటి గడిని పక్కనబెట్టి, రెండో గడికి పది శాతం కలిపి నాలుగో గడి నింపేయడం చాలాచోట్ల రివాజు. ల్యాబ్ సామగ్రికి పది లక్షలు పెట్టి మూడు ఖర్చయినా వచ్చే ఏడాదికి పదకొండు అవుతుంది!

ఆదాయం వైపు ఇంకా అన్యాయం. లోటు కనబడకూడదని సొంత రాబడిని ఉబ్బిస్తారు. దూరవిద్యనే తీసుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రం దాటి ఆ కోర్సులు నడపకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్) తేల్చింది. 2020 నిబంధనల్లో, విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ ఇచ్చిన స్కోరు కనీసం 3.01, లేదా ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే కేంద్ర ర్యాంకుల జాబితా తొలి వందలో చోటు ఉండాలంది. ఈ మార్పులకు ముందున్న రాబడిని పట్టుకుని అంచనా వేస్తే ఆ గడి కాగితం మీదే నిండుతుంది.

పరిష్కారం: మూడేళ్ల వాస్తవ ఖర్చు పక్కన పెట్టి ప్రతిపాదన రాయండి. శాఖల ప్రతిపాదనలు బ్రహ్మోత్సవాల సెలవులు అయిన వెంటనే చేరితే ఫైనాన్స్ కమిటీకి చదివే వ్యవధి ఉంటుంది. ఫిబ్రవరిలో చేరితే కూడికలే మిగులుతాయి.

సమస్య: మండలిలో బడ్జెట్ మీద చర్చే జరగదు

కారణం: అజెండాతో పాటు రావాల్సిన పుస్తకం టేబుల్ ఐటెమ్‌గా, కూర్చున్నాక చేతికొస్తుంది. అప్పటికే నియామకాలు, కేసులు, రాటిఫికేషన్లతో (ముందే జరిగినవాటికి ఆమోదాలతో) సగం పూట గడిచిపోయి ఉంటుంది. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులూ ఆ మండలిలో సభ్యులే. గ్రాంటు గురించి వాళ్లను ముఖాముఖి అడగగలిగే చోటు అదొక్కటే. ఆ అవకాశం 'ఆమోదించడమైనది' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది.

పరిష్కారం: పుస్తకానికి ముందు రెండు పేజీల నోట్ జతచేయమని రిజిస్ట్రార్‌ను కోరండి. గ్రాంటు ఎంత అడిగాం, ఎంత వచ్చింది, జీతాలు పెన్షన్లకు ఎంత తగ్గింది, ఆ తగ్గింది ఎక్కడి నుంచి సర్దాం. ఇవి చాలు. బడ్జెట్‌ను అజెండాలో మొదటి అంశంగా పెట్టించడం వైస్ ఛాన్సలర్ చేతిలో ఉన్న పని.

సమస్య: కొత్త భవనం లేచింది, తాళం తీయలేదు

కారణం: ప్రణాళిక ఒక బల్ల మీద, బడ్జెట్ ఇంకో బల్ల మీద తయారవడం. కట్టడానికి పథకం డబ్బు వచ్చింది. కరెంటు బిల్లు, వాచ్‌మన్, నీళ్లు ఎవరి పద్దులో అన్నది ఎవరూ రాయలేదు. తిరుపతి ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చే వేరు.

పరిష్కారం: ప్రతిపాదనలోనే తొలి ఐదేళ్ల నిర్వహణ ఖర్చు పద్దుతో సహా రాయించండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫైనాన్స్ కమిటీ దశలోనే వెనక్కి పంపాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే సవరించిన అంచనాల్లో కరెంటు, నీళ్ల పద్దులు తెరిపించి, మిగతావి వచ్చే ఏడాదికి పెట్టుకోండి.