టన్నుకు ఒక గ్రాము: యుద్ధకాలపు ట్యాంకుల నౌక నమూనా తయారీ

హన్మకొండలో మా పాఠశాల విద్యార్థులతో ఏటా వైజ్ఞానిక ప్రదర్శనకు నమూనాలు చేయిస్తుంటాను. వాటిలో పిల్లలకు అన్నింటికంటే ఎక్కువ నేర్పినది రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎల్‌ఎస్‌టీ (ల్యాండింగ్ షిప్, ట్యాంక్) నౌక. రేవు లేని చోట నేరుగా ఇసుక ఒడ్డుకు ముక్కు ఆనించి, తలుపులు తెరిచి, ఒక్కొక్కటి సుమారు 30 టన్నులుండే షెర్మన్ యుద్ధ ట్యాంకులను దింపిన ఓడ అది. నడి సముద్రంలో ఓడ నిలకడగా సాగాలంటే లోతుగా మునగాలి. ఒడ్డు చేరాలంటే పైకి తేలాలి. ఈ చిక్కును 1941 నవంబరులో అమెరికా నౌకాదళంలోని రూపకర్త జాన్ నీడర్‌మేయర్ విప్పారు. జలాంతర్గామిలో వలె అడుగున నీటి అరలు పెట్టి, ప్రయాణంలో నింపి, ఒడ్డు సమీపించాక తోడేయడమే ఆయన ఆలోచన. తరువాత అమెరికా ఇలాంటి నౌకలను వెయ్యికి పైగా కట్టింది.

నమూనాకు వందో వంతు కొలత ఎంచుకోండి. అసలు నౌక పొడవు 328 అడుగులు, అంటే 100 మీటర్లు. మన నమూనా సరిగ్గా ఒక మీటరు అవుతుంది. వెడల్పు 15 సెంటీమీటర్లు, ప్రక్కగోడల ఎత్తు 8 సెంటీమీటర్లు చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వందో వంతుకు తగ్గుతాయి కనుక బరువు పది లక్షల వంతుకు తగ్గి, ఒక టన్ను ఒక గ్రాముగా మారుతుంది. ఈ సౌలభ్యం కోసమే నేను వేరే కొలతకు పోను. ఖాళీ నౌక 1,625 టన్నులు కాబట్టి ఖాళీ నమూనా 1.6 కిలోలు తూగాలి. ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డుతో చేస్తే ఇంత బరువు రాదు. ఇంజన్లు ఉండే వెనుక భాగంలో, అడుగుకు ఆనేలా, ఇనుప ముక్కలు తాత్కాలికంగా అతికించి సరిచేయండి. అడుగు బల్లపరుపుగా ఉండాలి. అతుకులన్నింటికీ ఎం-సీల్ పట్టించి, ఒక రాత్రి ఆరనివ్వండి.

అన్నింటికంటే శ్రద్ధ పెట్టవలసింది నీటి అరల మీద. మొదటిసారి మేము నౌక వెడల్పంతా ఒకే అర పెట్టి సగం వరకు నీళ్లు నింపాం. ఒక విద్యార్థి ఎడమ అంచున ఒక్క ట్యాంకు పెట్టగానే ఓడ కాస్త వాలింది. వాలిన వైపుకే లోపలి నీళ్లన్నీ ఒరిగి, చూస్తుండగానే బోల్తా పడింది. సగం నిండిన అర ఎంత ప్రమాదకరమో ఆ రోజు అందరికీ అర్థమైంది. అందుచేత 10 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 2 ఎత్తు గల ఆరు చిన్న అరలు చేసి, ముందు, మధ్య, వెనుక జతలుగా అమర్చండి. ప్రతి అరకు నీళ్లకు ఒక కొత్త సెలైన్ గొట్టం, గాలి పోవడానికి మరొక సన్నని గొట్టం ఉండాలి. 50 మిల్లీలీటర్ల సిరంజితో రెండుసార్లు నింపితే ఒక అర నిండుతుంది. ఆరూ నిండితే 600 గ్రాములు చేరి, నౌక దాదాపు అర సెంటీమీటరు దిగుతుంది. అసలు నౌకలో అది అర మీటరు. ఏ అరనైనా పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి.

అరల పైన పరిచే ట్యాంకుల డెక్కు మధ్యభాగం 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. ఒక్కో ట్యాంకును 5.8 సెంటీమీటర్ల పొడవు, 2.6 వెడల్పుతో చేసి, లోపల ఇనుప నట్లు కూర్చి, కిరాణా దుకాణపు డిజిటల్ కాటా మీద సరిగ్గా 30 గ్రాములకు తూచండి. ఇలా 18 చేస్తే 540 గ్రాములు. ఒడ్డుకు ఆనేటప్పుడు నౌకకు అనుమతించిన 500 టన్నుల సరుకుకు ఇది దగ్గరి లెక్క. ట్యాంకులను వెనక్కి నడిపించి ఎక్కించాలి, అప్పుడే దిగేటప్పుడు ముందుకు దూసుకుపోగలవు. మొదట దిగవలసినది చివర ఎక్కాలి. ఎడమన ఒకటి పెట్టగానే కుడివైపు ఒకటి పెట్టండి. తరువాత దారాలను గొలుసుల్లా వాలుగా లాగి, డెక్కుకు గుచ్చిన కొక్కేలకు బిగించండి. పరకాల రోడ్డు మీదుగా భూపాలపల్లి గనుల వైపు వెళ్లే లోబెడ్ ట్రైలర్ల మీద ఎక్స్‌కవేటర్లను నాలుగు మూలలా గొలుసులతో కట్టడం పిల్లలు చూసే ఉంటారు. సూత్రం అదే, కాకపోతే ఓడ రెండు ప్రక్కలకూ ఊగుతుంది కనుక బిగింపు రెండు వైపులా సమానంగా ఉండాలి.

ఒడ్డు కోసం ఇటుకల మధ్య టార్పాలిన్ పరిచి మూడు మీటర్ల తొట్టి కట్టండి. అడుగున ఇసుకను మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో సర్దండి; అసలు నౌకను కూడా యాభైకి ఒకటి వాలు ఉన్న తీరాన్ని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. నీళ్లు తోడేశాక ముక్కు దగ్గర 1.2, వెనుక 3 సెంటీమీటర్లు మాత్రమే మునిగి ఉండేలా ఇనుప ముక్కలను ముందుకు వెనక్కు జరిపి సవరించండి. అప్పుడు అడుగు వాలు, ఇసుక వాలు దాదాపు కలిసిపోతాయి. ముక్కు ఆనిన చోటు నుండి పొడి నేల ఇంకా 60 సెంటీమీటర్ల దూరం ఉండటం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ దూరం దాటడానికే ట్యాంకులకు నీరు చొరబడకుండా పూతలు వేసేవారు, పాంటూన్ (నీటిపై తేలే) వంతెనలు పరిచేవారు.

ఒడ్డుకు వెళ్లేటప్పుడే వెనుక నుండి చిన్న లంగరును దారంతో వదలడం మరవకండి. అలల తోపుకు ఓడ అడ్డం తిరగకుండా అదే పట్టి ఉంచుతుంది. ట్యాంకులు దిగాక ఆ దారాన్ని మెల్లగా చుడితే, తేలికైన నౌక ఇసుకను వదిలి వెనక్కి జారుతుంది.